మింటినుండి మన ఊరు

కాళిదాసుని రఘువంశములో పదుమూడవ సర్గ చదివినవారికి ఒక చిత్రము మనస్సున నిలిచిపోవును. శ్రీరాముడు సీతాసమేతుడై పుష్పకమెక్కి అయోధ్యకు మరలుచు, క్రింద గనుపించు సముద్రమును, జనస్థానమును, తాము దినములు గడపిన ఆశ్రమములను ఒక్కొక్కటిగా ఆమెకు చూపును. వానిలో పెక్కు ఆమె కాలినడకను తిరిగిన చోట్లే. అయినను పైనుండి చూచునపుడు అవి క్రొత్తవై తోచును. మా తండ్రిగారు ఈ సర్గ మాకు పాఠము చెప్పు దినములలో, ఇట్లు చూచు భాగ్యము కావ్యములలోని వారికే గాని మనబోంట్లకెక్కడిదని అనుకొనెడివారము. నేడు సంగారెడ్డికి సమీపమున నున్న మా ఊరిలో, రెండు అరచేతులలో నిముడు యంత్రమునకు చిన్న కెమెరాను కట్టి, మా చెఱువును, మా పొలములను అట్లే చూచుచున్నాము. ఆ యంత్రమునే డ్రోను అందురు.

దానిని కట్టుట ఎట్లు, ఎగురవేయుట ఎట్లు, ఎచ్చట ఎగురవేయరాదు, వీనియన్నిటికంటె ముఖ్యముగా, పైనుండి చూచువారికి ఉండవలసిన మర్యాద ఎట్టిది అను సంగతులను మేము నేర్చుకొన్నంత మట్టునకు ఇచట వ్రాయుచున్నాము. నేర్చుకొనుటలో ఒక తప్పు చేసితిమి. దానినిగూడ దాచము.

నేలను మింటినుండి చిత్రించుట నిన్న మొన్నటి కోరిక కాదు. 1858లో ఫ్రాన్సు దేశమున నాదారు అను ఛాయాచిత్రకారుడు పొగగుమ్మటమువంటి బెలూనులో నెక్కి పారిసు పొరుగున నొక పల్లెను చిత్రించెను. 1888లో అదే దేశీయుడగు ఆర్థర్ బత్యూ అనునతడు గాలిపటమునకు కెమెరాను కట్టెను. తరువాత జర్మనీలో నొక మందుల వర్తకుడు పావురముల ఱొమ్మునకు చిన్న కెమెరాలు కట్టి పంపెను. మన హైదరాబాదులోనే బాలానగరమందలి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటరువారు విమానములనుండియు ఉపగ్రహములనుండియు దేశమును చిత్రించుచున్నారు. రాజ్యములకును, శాస్త్రజ్ఞులకును మాత్రమే చెల్లిన ఆ పని నేడు బడిపిల్లల చేతికి వచ్చినది.

అందునను మా ప్రాంతమునకు ఈ విద్యతో ప్రత్యేకమగు చుట్టరికము గలదు. కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి.లో తిహాన్ అను పరిశోధనాస్థానము కలదు. మనిషి లేకయే నడచు బండ్లను, ఎగురు యంత్రములను పరీక్షించు క్షేత్రము అచట 2022 జూలై 4వ తేదీన ప్రారంభమైనది. పటాన్‌చెరువులో 1972నుండియు నున్న ఇక్రిశాట్ సంస్థకు, పైరుల పరిశోధనకై డ్రోనులను వాడుటకు 2021 జూలైలో పౌరవిమానయాన మంత్రిత్వశాఖవారు షరతులతో అనుమతి నిచ్చిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 11న ప్రక్క జిల్లాయగు వికారాబాదులో, ఆస్పత్రులకు మందులను టీకాలను డ్రోనులపై పంపు ప్రయోగము మొదలైనది. ఇంత జరుగుచున్న చోట మన ఆడువారు తలయెత్తి చూచి, "అదేమో ఎగురుచున్నది" అని ఊరకుండుట న్యాయముగ తోచదు.

మా యింట ఈ విద్య ప్రవేశించిన విధము చెప్పెదము. మావారు ఉపాధ్యాయులు. రెండేండ్ల క్రిందట వేసవి సెలవులలో నలుగురు విద్యార్థులు విడిభాగములు కొన్ని తెచ్చి, మా నడవలో కూర్చుండి డ్రోను కట్ట నారంభించిరి. మేము మజ్జిగ నిచ్చుటకు పోయి, చూచుటకు నిలిచి, పిమ్మట కూర్చుండిపోతిమి. సన్నని తీగలను సీసముతో అతుకుటలో ఆ పిల్లల చేతులు వణకుచుండెను. అల్లికపని చేసిన చేతికి అది కష్టము కాదని మాకు తోచినది. మొదటి దినముననే రెండు మోటారుల తీగలు మేము అతికితిమి.

ఇక యంత్రపు అంగములు వినుడు. తేలికయై గట్టిదగు కార్బను చట్రము ఒకటి. దాని నాలుగు కొమ్ములపై నాలుగు మోటారులు. వానికి నాలుగు పంకాలు. ఒక్కొక్క మోటారు వేగమును హెచ్చించి తగ్గించు పలక. వీనియన్నిటికిని మెదడువంటి ఫ్లైటు కంట్రోలరు. మన చేతిలోని రిమోటు మాటను అందుకొను రిసీవరు. తా నెచ్చట నున్నదియు తెలిసికొను జి.పి.యస్. శక్తి నిచ్చు బ్యాటరీ. చివరకు కెమెరా. బరువులో మోసము రాకుండుటకు ఒక సూత్రము గలదు: నాలుగు మోటారులును కలిసి ఎత్తగల బరువు, యంత్రపు మొత్తము బరువునకు రెండింతలైనను ఉండవలెను. అంతకు తగ్గినచో గాలి వీచినపుడు యంత్రము నిలువజాలదు.

అది గాలిలో నిలుచు కిటుకు మిక్కిలి అందమైనది. నాలుగు పంకాలును ఒకే దిక్కునకు తిరిగినచో, కవ్వము ఒకవైపు తిరుగగా కుండ రెండవవైపు తిరుగజూచినట్లు, యంత్రపు దేహము ఎదురుదిక్కున గిఱ్ఱున తిరుగును. కావున ఎదురెదురు మూలలనున్న రెండు ఒక దిక్కునకును, మిగిలిన రెండు వేఱొక దిక్కునకును తిరుగునట్లు అమర్తురు. ఒకదాని మెలి మఱియొకదానితో చెల్లిపోవును. వెనుకటి రెండింటి వేగము హెచ్చినచో యంత్రము ముందునకు వంగి సాగును. కుడిప్రక్కవి హెచ్చినచో ఎడమకు పోవును. యంత్రము ఏమాత్రము ఒరిగినను ఫ్లైటు కంట్రోలరు కనిపెట్టి, మన కనురెప్ప కొట్టులోపల ఎన్నోమారులు దిద్దుచుండును. నెత్తిమీద బిందె పెట్టుకొని గట్టుమీద నడచు స్త్రీ మెడ చేయు పనియే అది.

పంకాల విషయమున మాకు పరాభవము జరిగినది. కుడికి తిరుగవలసిన పంకాను ఎడమకు తిరుగు మోటారునకు, దాని జతను దీనికి బిగించితిమి. బొత్తాము నొక్కగానే యంత్రము పైకి లేచుటకు మాఱు పల్టీకొట్టి తులసికోటను తాకి, ఒక పంకా ముక్కలయ్యెను. ఎవరికిని దెబ్బ తగులలేదు, ఏలయన అందఱము పది అడుగుల దూరమున ఉంటిమి. ఆనాటినుండి మా యింట రెండు కట్టుబాట్లు. మోటారులు సరియగు దిక్కున తిరుగుచున్నవో లేదో పంకాలు తగిలింపకమునుపే చూడవలెను. పంకాలు తగిలించిన పిదప, బ్యాటరీ కలిపియుండగా యంత్రమును చేత పట్టరాదు. ఆ రెక్కలు చిన్నవేయైనను కత్తిపీటకు తీసిపోవు.

బ్యాటరీ వంటయింటి పొయ్యివలె ఉపకారియు అపకారియు. దీనిలో లిథియము పాలిమరు అరలుండును. ఒక్కొక్క అర నిండినపుడు 4.2 వోల్టులుండును. 3.5 వోల్టుల దరికి వచ్చుసరికి యంత్రము నేలపై నుండవలెను. పలుదినములు వాడనిచో సుమారు 3.8 వోల్టులలో నుంచి దాచవలెను. రాత్రి ఛార్జింగునకు పెట్టి నిద్రపోకుడు. పరుపులు, బట్టలు, పుస్తకముల దగ్గఱ నుంచకుడు. ఉబ్బిన బ్యాటరీని మఱల వాడకుడు. మనుచరిత్రములో ప్రవరుని కథ మీరెఱిగినదే. సిద్ధుడిచ్చిన పాదలేపముతో హిమాలయమునకు పోయి, వింతలు చూచుచు తిరుగుచుండగా మంచుకు లేపము కరగిపోయి, ఇల్లు చేరు దారి లేక చిక్కుకొనెను. చలికి బ్యాటరీయు అట్లే బలము తగ్గును. కావున మాఘమాసపు ఉదయములలో మఱింత తొందరగ మరలింపవలెను. పోవుటకు ఎంత శక్తి పట్టునో, గాలికెదురుగ వచ్చుటకు అంతకంటె హెచ్చు పట్టునని మఱువరాదు.

ఎగురవేయుట నేర్చువారు మొదట కంప్యూటరులోని అభ్యాసపు ఆటలో చేయి తిప్పుకొనుట మేలు. అచట ఎన్నిమారులు కూలినను ఖర్చు లేదు. పిమ్మట గాలిలేని ఉదయమున, మనుష్యులు, తీగలు, చెట్లు లేని బయలులో, యంత్రపు తోక మనవైపుంచి, కంటి ఎత్తున ఊరక నిలుపుట నేర్వవలెను. అది చిన్నపని వలె కనబడును గాని, అదియే అక్షరాభ్యాసము. తరువాత చతురస్రముగ త్రిప్పుట. ముఖము మనవైపు తిరిగినపుడు కుడి ఎడమలు తాఱుమాఱగును. ఎదుటివారి నుదుట బొట్టు పెట్టునపుడు కలుగు తికమక వంటిదే ఇది. మాకిది అలవడుటకు మూడు వారములు పట్టినది.

ఇక మింటి చట్టము. 2021 ఆగష్టు 25న ప్రకటించిన డ్రోను నియమావళి ప్రకారము 250 గ్రాములకు మించనివి నానో తరగతి, అంతకుమించి 2 కిలోలవఱకు మైక్రో తరగతి. నానో యంత్రములకును, వ్యాపారమునకు గాక వాడు మైక్రో యంత్రములకును పైలటు సర్టిఫికెటు అక్కఱలేదు. పెండ్లిండ్ల చిత్రములు తీసి సొమ్ము గడింపదలచి మైక్రోనో, అంతకు పెద్దదియో వాడువారు పదవ తరగతి ప్యాసై, 18 మొదలు 65 ఏండ్ల లోపల వయస్సు గలవారై, ప్రభుత్వము గుర్తించిన శిక్షణాలయమున చదివి సర్టిఫికెటు పొందవలెను. యంత్రమును నమోదు చేయించి సంఖ్యను పొందుట వేఱు విధి. విదేశములలో తయారైన డ్రోనులను దిగుమతి చేయుట 2022 ఫిబ్రవరినుండి నిషిద్ధము, విడిభాగములకు ఆ నిషేధము లేదు. కట్టుకొనుట నేర్చినవారికి ఇదియు నొక లాభము. మా యంత్రమును బ్యాటరీతోగూడ 250 గ్రాములకు లోబడునట్లే కట్టితిమి.

ఆకాశమును ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు మండలములుగ విభజించిన పటమును ప్రభుత్వమువారు 2021 సెప్టెంబరులో డిజిటల్ స్కై అను పేర వెలువరించిరి. ఆకుపచ్చనిదానిలో 400 అడుగుల ఎత్తువఱకు అనుమతి అక్కఱలేదు. విమానాశ్రయపు హద్దునుండి 8 మొదలు 12 కిలోమీటరుల దూరములో ఈ ఎత్తు 200 అడుగులే. పసుపులో వైమానిక నియంత్రణాధికారుల అనుమతియు, ఎఱుపులో కేంద్రప్రభుత్వపు అనుమతియు కావలెను. తప్పినవారికి లక్ష రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చును. మా ప్రాంతమువారు దీనిని తేలికగ తీసికొనరాదు. ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము, భానూరున భారత్ డైనమిక్సు, సమీపముననే దుండిగల్ వైమానిక దళ అకాడమీ ఉన్నవి. నిన్న తెఱపియున్న చోటు నేడు మూయబడవచ్చును. కావున గడపదాటు ప్రతిమారును పటము చూచుకొనవలెను. మంజీర అభయారణ్యమున మొసళ్లును, గూళ్లు కట్టు పక్షులును ఉన్నవి. చట్టము మాట అటుండగా, పిల్లలను పొదుగుచున్న తల్లి నెత్తిన ఈ రొదను త్రిప్పుట మన జాతికి తగదు.

ఇంతవఱకు శ్రద్ధగ నేర్చితిమి. అయినను చట్టములో వ్రాయని పాఠమొకటి మిగిలియుండెను. ఒకనాటి ఉదయము యంత్రమును మా మిద్దెకు పైగా లేపి, వేపచెట్టు మీదుగా త్రిప్పితిమి. మా చూపంతయు చెఱువునకు పోవు కొంగలబారు మీదనే యుండెను. సాయంకాలము పొరుగింటి ముసలవ్వ వచ్చి గడపకడ నిలిచినది. ఏనాడును నేరుగ వంటయింటిలోనికి వచ్చు మనిషి, ఆనాడు లోనికి రాలేదు.

"పంతులమ్మా, పొద్దుగాల గా తూనీగ మా ఇంటి మీదికెల్లి పాయె. మా కోడలు తడక చాటున తానం చేస్తుండె. దానికి కన్ను ఉన్నదంట గద?" అని అడిగినది.

మాకు నోట మాట రాలేదు. చిత్రములు తీసి ఆ అత్తకోడండ్రకు చూపితిమి. తడకల గది ఒక మూలన స్పష్టముగ కనుపించుచుండెను. ఆ చిన్నది మాత్రము అందులో పడలేదు. కాని పడకపోవుట మా జాగ్రత్త కాదు, ఆమె అదృష్టము. ఆ చిత్రములను వారి యెదుటనే చెఱిపివేసి, తప్పు ఒప్పుకొంటిమి. కోడలు ఏమియు ననలేదు. మఱునాడు వారి మిద్దెపై బట్టలు ఆరవేయలేదు. వారము దినములు ఆమె తడక పైకి దుప్పటి కప్పియుంచినది. ఆ దుప్పటిని చూచినప్పుడెల్ల మాకు సిగ్గు కలిగెడిది.

సోదరీమణులారా, చూడబడుట ఎట్లుండునో ఆడువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. పెరటిగోడ, తడక, కిటికీ తెర, ఇవన్నియు ప్రక్కనుండి వచ్చు చూపును ఆపుటకే కట్టబడినవి. పైనుండి వచ్చు చూపునకు మన ఇండ్లలో గోడ లేదు. కావున ఆ గోడను ఎగురవేయువారే తమ మనస్సులో కట్టుకొనవలెను. మేము కట్టుకొన్నది ఇది: ఇండ్లమీదుగా పోవలదు. పోక తప్పనిచో ముందునాడే ఇల్లిల్లు తిరిగి వేళ చెప్పవలెను. స్నానముల వేళ, బట్టలారవేయు వేళ ఎగురవేయవలదు. ఎవరేని అడిగినచో చిత్రము చూపవలెను. చెఱుపుమనినచో చెఱుపవలెను. కెమెరా ఉన్నదని దాచవలదు.

ఈ కట్టుబాటు వలననే మాకు అసలు పని దొరకినది. ఒకనాడు వేళ చెప్పుటకు పోగా, అవ్వయే మాట తీసినది. చెఱువునకు తూర్పుననుండి నీరు తెచ్చు కాలువ ఒకటి తన చిన్నతనమున ఉండెననియు, అది పూడినందుననే చెఱువు నిండుట లేదనియు ఎన్నాళ్లనుండియో చెప్పుచున్నదట. "ముసల్దాని మాట ఎవడింటడు?" అని నవ్వినది. గట్టున నిలిచి చూచినవారికి అచట తుమ్మపొదలు తప్ప ఏమియు కానరాదు.

తొలకరికి ముందొకమారు, వానలు పడిన పిదప నొకమారు ఆ చోటును చిత్రించితిమి. దానికి పద్ధతి కలదు. కెమెరాను నిట్టనిలువుగ నేలకు త్రిప్పి, ఒకే ఎత్తున, దున్నినట్లు వరుసవెంట వరుసగా పోవలెను. ఒక చిత్రములో మూడుపాళ్లకు పైగా తరువాతి చిత్రములో మరల పడవలెను. అంచులు ఇట్లు కలిసియున్ననే కంప్యూటరు వానిని కుట్టి ఒకే పటము చేయగలదు. ఓపెన్ డ్రోన్ మ్యాప్ అను ఉచిత సాధనము ఇందుకు చాలును. నేల ఎత్తుపల్లములు కంటికి తెలియుటకు ఏటవాలు ఎండ మేలు. పటము కుట్టుటకు నీడలు తక్కువగు నడిప్రొద్దు మేలు.

వానల తరువాతి పటమును మా నడవలో తెఱచితిమి. అవ్వ మంచముమీద కూర్చుండి చూచినది. తుమ్మపొదల నడుమ ముదురాకుపచ్చని సన్నని గీత యొకటి తూర్పు మెఱకనుండి దిగి, చెఱువునకు ఇంక కొంతదూరమున్నదనగా, పాత ఇండ్లు కూల్చిన రాళ్లమట్టి కుప్పకడ తెగిపోయెను. అవ్వ వ్రేలు ఆ గీతవెంబడి పోయి, కుప్పపై నిలిచినది. "గిదే. నేన్ చెప్పలే?" అన్నది. ఆమె కన్నులలో నీరు తిరిగినది. ఇన్నాళ్లు ఆమె జ్ఞాపకముగ నున్నది ఆ క్షణమున ఊరందఱికిని సాక్ష్యమైనది. పటమును పెద్దలకు చూపినది మావారు కాదు, మేము కాదు, ఆమెయే. వేసవి రాగానే ఊరివారు ఆ కుప్పను తీయించిరి. కాలువ యంతయు ఇంకను బాగుపడలేదు గాని, మొన్నటి వానలకు ఆ దారిని నీరు వచ్చుట మా కన్నులార చూచితిమి.

ఈ విద్యలో ఆడువారికి బ్రతుకుతెరువును గలదు. 2023 నవంబరులో కేంద్రప్రభుత్వము ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకము 15,000 మహిళా స్వయంసహాయక సంఘములకు, పైరులపై మందు చల్లు డ్రోనులను ఇచ్చుటకు ఉద్దేశింపబడినది. తెలంగాణ రాష్ట్ర విమానయాన అకాడమీవారు డ్రోను పైలటు శిక్షణ నిచ్చుచున్నారు. పదవ తరగతి ప్యాసైన మన ఆడుబిడ్డలకు దారి తెఱచియే యున్నది. అయితే మొదటనే వెలగల యంత్రమును కొనకుడు. చిన్నదానిని కట్టుడు, కూలనిండు, మరల కట్టుడు. చేతితో కట్టినదాని జబ్బు చేతికి తెలియును.

పొరుగింటి కోడలు ఇప్పుడు తడకపై దుప్పటి కప్పుట లేదు. మొన్న తానుగా వచ్చి, "అక్కా, రేపు ఎప్పుడు ఎగిరేస్తరు?" అని అడిగినది. జాగ్రత్తపడుటకు కాబోలుననుకొని వేళ చెప్పితిమి. ఆ వేళకు ఆమె పిల్లను చంకనెత్తుకొని బయలునకు వచ్చి, రిమోటు కొఱకు చేయి చాచినది.